మెతుకుతో అంటించిన పట్టీ

హిమబిందు ఫోన్ చేసి అడక్కపోతే ఆ ట్రంకుపెట్టె నేను చచ్చేదాకా తెరిచేదాన్ని కాదు. ఆ అమ్మాయి తెనాలిలో నా దగ్గర సైకాలజీ చదువుకుంది, ఇప్పుడు రేపల్లెలో అదే పాఠం చెబుతోంది. "మేడమ్, పరిశోధన పేపరు చదవండ్రా అంటే మా పిల్లలు ఫోన్లో సారాంశం అడిగి నాలుగు ముక్కలు రాసుకొస్తున్నారండి. పేపరు మొహం కూడా చూడట్లేదు. మీరు మాకు పట్టీలంటించి ఇచ్చేవారు కదా, అలాంటివి పాతవేమన్నా ఉంటే ఇస్తారా? ఒకసారి తీసుకెళ్ళి చూపిస్తాను" అంది. నేను ఉబ్బిపోయాను. వచ్చి తీసుకెళ్ళమని చెప్పి, అక్కడితో ఆగకుండా ఈ కాలం పిల్లల గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ముగింపు ఒక్కటీ చూసేసి పేపరు చదివామనుకునేవాళ్ళు ఎందుకూ కొరగారని, మా రోజుల్లో అలా కాదని. రిటైరైనవాళ్ళకి ఇలాంటి అవకాశాలు రోజూ రావు మరి.

పెట్టె మంచం కింద ఉంది. మూత తీయగానే కలరా ఉండల వాసన, దాని వెనకాల పాత కాగితం వాసన వచ్చాయి. అడుగున తాడుతో కట్టిన కట్ట, అందులో పద్నాలుగు పేపర్లు. పదమూడింటి మీద పేజీ సగానికి అటూ ఇటూ వంకరటింకర తడి మరకలున్నాయి, ఉతికిన చీర మీద గంజి మరకల్లా. పద్నాలుగోదానికి మొదటి పేజీలో తప్ప మరక లేదు. దాని మీద కాగితం పట్టీ ఇంకా ఉంది. నేను దాన్ని చేతిలోకి తీసుకోగానే ఆ పట్టీ జారి నా ఒళ్ళో పడింది. జిగురంతా వెండిరంగు పురుగులు తినేశాయి. పట్టీ కింద ఏముందో చెప్పే ముందు అది అక్కడికెలా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే ఇన్నేళ్ళూ నేను ఆ సంగతిని తలకిందులుగా చెప్పుకుంటూ వచ్చాను.

మాది కొలకలూరు. నాన్నకి ఆడపిల్ల డిగ్రీ చదవాలని పట్టుదల, అమ్మకి ఆడపిల్ల దూరం వెళ్ళకూడదని భయం. ఇద్దరికీ మధ్యేమార్గంగా నన్ను బాపట్లలో పెద్దమ్మ ఇంట్లో పెట్టారు. పెద్దమ్మ తెల్లారకముందే లేచి పొయ్యి అలికేది. ఆ తడిమట్టి వాసనకే నాకు మెలకువ వచ్చేది. నేను చదివిన కాలేజీ పేరు ఇక్కడ రాయను, అందులో పనిచేసిన వాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు. అక్కడ సైకాలజీ అంటే హెడ్డుగారి నోట్సు. ఆయన ఒక చేత్తో పై కండువా సర్దుకుంటూ, రెండో చేత్తో పసుపుపచ్చబడ్డ కాగితాలు తిప్పుతూ చదివేవారు, మేం రాసుకునేవాళ్ళం. ఆయన దగ్గినచోట మేం ఆగేవాళ్ళం. పరీక్షలో ఆ నోట్సు మక్కీకి మక్కీ రాస్తే ఫస్టు క్లాసు. నాకు మూడు పరీక్షల్లోనూ ఫస్టు మార్కులు వచ్చాయి. కాబట్టి నాకు సైకాలజీ వచ్చేసిందనే అనుకున్నాను.

విశాలాక్షి మేడమ్ ఆ కాలేజీలో పార్ట్‌టైమ్ లెక్చరర్. రేపల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్ళేవారు. అప్పుడావిడకి ముప్ఫై దాటి ఉంటాయి. నూలు చీర, చేతికి మగవాళ్ళ గడియారం, భుజాన గుడ్డ సంచి. క్లాసులో మొదటి రోజే, "నోట్సులో ఉన్నది ఎవరో చెప్తే మీ సారు రాసుకున్నారు. ఆ చెప్పినాయన ఇంకెవరో చెప్తే విన్నాడు. అసలు ప్రయోగం చేసినవాడు ఏం రాశాడో ఎవరైనా చూశారా?" అన్నారు. ఎవరమూ చూడలేదు. చూడాలని కూడా మాకు తెలీదు. పత్రికలో పేపరు అచ్చయినప్పుడు రాసినవాళ్ళకి దాని విడి ప్రతులు కొన్ని ఇచ్చేవారు. కార్డు రాసి మర్యాదగా అడిగితే ఎక్కడి వాళ్ళైనా ఒకటి పంపేవారు. మేడమ్ అలా దేశదేశాలకి కార్డులు రాసేవారు. నెలల తరబడి ఓడలో ప్రయాణం చేసి, మూలలు నలిగి, ఆ పేపర్లు రేపల్లె పోస్టాఫీసుకి చేరేవి. వాటిని చదవడం నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఆదివారం మా ఇంటికి రండి అన్నారు. మొదట్లో నలుగురం వెళ్ళాం. పండగ సెలవులయ్యేసరికి నేనొక్కదాన్ని మిగిలాను.

శనివారం సాయంత్రం కొలకలూరు వెళ్ళి, ఆదివారం పొద్దున్నే తెనాలిలో రేపల్లె బండి ఎక్కేదాన్ని. స్టేషన్ నుంచి మేడమ్ ఇంటికి నాలుగు అడుగులు. అది వాళ్ళ అత్తవారిల్లు. వాకిట్లోకి వెళ్ళగానే కాఫీ డికాక్షన్ వాసన, దానితో పాటు ఎప్పుడూ ఎక్కడో ఆరేసి ఉన్న మడిబట్టల తడివాసన. అత్తగారు సన్నగా, గట్టిగా ఉండే మనిషి. నన్ను చూడగానే "వచ్చావుటే, కాళ్ళు కడుక్కో" అనేవారు. నేను కడుక్కుంటున్నంతసేపూ మడమల దాకా తడిశాయో లేదో చూసేవారు. నాకు వసారాలో విడిగా పీట. దానికి నేను అప్పట్లో బాధపడలేదు, మా ఊళ్ళోనూ అలాంటివి చాలా చూశాను.

మేడమ్ పని మొదలయ్యేది పట్టీలతో. గోడ క్యాలెండర్లో అయిపోయిన నెలల కాగితాన్ని పొడుగ్గా కత్తిరించి, తెల్లవైపు పైకి వచ్చేలా పేపరు మీద మూడు చోట్ల అంటించేవారు. రాసినవాళ్ళ పేరు మీద ఒకటి, మొదట్లో ఉండే సారాంశం మీద ఒకటి, చివర్న ఉండే చర్చ మీద అన్నిటికంటే వెడల్పాటిది ఒకటి. జిగురు కోసం అన్నం మెతుకులు వాడేవారు. సీసాలో వచ్చే బంక తడిపితే ఊడదని, మెతుకైతే నీళ్ళు తగలగానే వదిలేస్తుందని ఆవిడ లెక్క. కానీ అన్నం ముట్టుకున్న చేత్తో పుస్తకం ముట్టుకోవడం అత్తగారి దృష్టిలో ఘోరం. "అన్నం చేత్తో సరస్వతిని ముట్టుకుంటావుటే విశాలా! నీ చదువు తగలెయ్య" అని వంటింట్లోంచి కేకేసేవారు. మేడమ్ "చెయ్యి కడిగేశానత్తయ్యా" అంటూనే గిన్నె అడుగున మిగిలిన రెండు మెతుకులు వేలితో నలిపి పట్టీకి రాసేవారు. నన్ను చూసి నవ్వేవారు. ఇంట్లో ఆవిడ చేసిన దొంగపని అదొక్కటే అనుకుంటాను.

తర్వాత నా వంతు. పట్టీలు తీయకుండా మిగతాది చదవాలి. ఎంతమందిని తీసుకున్నారు, వాళ్ళతో ఏం చేయించారు, పట్టికలో అంకెలు ఏం చెబుతున్నాయి. చదివి, అంచుల్లో పెన్సిలుతో, తెలుగులో, నా ముగింపు నేను రాయాలి. అది రాశాకే గుడ్డ తడిపి పట్టీ మీద అద్ది, అది మెత్తబడేదాకా కూర్చుని, మెల్లగా తీసి, రాసినాయన ఏమన్నాడో చూసుకోవాలి. తొందరపడి లాగితే అక్షరాలు కూడా వచ్చేస్తాయి. "నీ ముగింపు రాయగానే పని అయిపోయినట్టు కాదమ్మాయ్. పట్టీ తీసి, నువ్వెక్కడ తప్పావో చూసుకుంటేనే చదివినట్టు. పేపరు మీద తడి మరక లేకపోతే నువ్వు చదవలేదని లెక్క" అనేవారు. చదవడం పూర్తయ్యాక అత్తగారు అటుకుల ఉప్మానో కొబ్బరి ఉండో పెట్టేవారు, మేడమ్ కూడా వసారాలో నా ఎదురుగా కూర్చుని తినేవారు.

మొదటి పేపరుకి నేను రెండు పేజీల ముగింపు రాశాను. క్లాసు ఫస్టుని కదా. మేడమ్ దాని కింద రెండే మాటలు రాశారు: చదవలేదు, ఊహించావు. బండిలో తెనాలి దాకా ఏడ్చాను. తర్వాత మెరుగుపడ్డాను గానీ ఆ రెండు మాటల్ని మాత్రం క్షమించలేదు. ఎప్పటికైనా ఆవిడ చూడని తప్పు నేను చూసి చూపించాలని లోపల ఒక కసి ఉండిపోయింది. దాన్ని నేను చదువు మీద శ్రద్ధ అనుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళూ అలాగే అనుకున్నారు.

పద్నాలుగో పేపరు ఇచ్చేటప్పుడు మేడమ్ "కాస్త జాగ్రత్తగా చదువు" అన్నారు. అంతకుముందు ఎప్పుడూ అలా అనలేదు. ఈసారి ఇంటికి తీసుకెళ్ళి చదువుకోమన్నారు. చూస్తే అది మన ప్రాంతం పేపరు. నగరం అనే ఊరి చుట్టుపక్కల, పెనుమూడి దగ్గర ఏటి ఒడ్డున ఉన్న బడుల్లో పిల్లలకి కథలు వినిపించి, వానాకాలం ముందొకసారి, వెళ్ళాక ఒకసారి ఎంత గుర్తుందో పరీక్షించారు. పద్ధతి చెప్పినచోట నలభై ఎనిమిది మంది పిల్లలని ఉంది. పట్టికలో లెక్క నలభై ఒకటే తేలింది. నేను మూడుసార్లు కూడాను. ఏడుగురు లేరు. ఊళ్ళ పేర్లు చూసి అప్పటికే అనుమానం వచ్చి, పెద్దమ్మ ఇంట్లో చెంబులో ముంచిన తడిచేత్తో పేరు మీది చిన్న పట్టీ తీశాను. విశాలాక్షి మేడమ్ పేరే. అంచున పెన్సిలుతో ఒత్తి ఒత్తి రాశాను: ఏడుగురు పిల్లలు ఏమయ్యారు? తనకి నచ్చని మార్కులు వచ్చినవాళ్ళని తీసేసి ఉండాలి.

పేరు మీది పట్టీ, సారాంశం మీది పట్టీ తీశాను. చర్చ మీది వెడల్పాటి పట్టీ తీయలేదు. ఇంక చూడాల్సిందేముంది అనిపించింది.

మర్నాడు రికార్డు సంతకం కోసం వెళ్తే హెడ్డుగారే కదిపారు. "ఏంటమ్మా, ఆదివారాలు రేపల్లె వెళ్తున్నావంట? నోట్సు చాలట్లేదా?" నవ్వుతూనే అన్నారు. నేను నోరు జారాననడానికి లేదు, చెప్పాలనే చెప్పాను. పేపరు సంచిలోంచి తీసి బల్ల మీద పరిచాను. ఆయన పెన్ను కొసతో పట్టికలో అంకెలు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ఆయనా పట్టీ తీయమనలేదు. "అంటే మార్కులు నచ్చని పిల్లల్ని పీకేసిందన్నమాట!" అన్నారు. నేను రాసిన మాటే ఆయన నోట్లోంచి వచ్చేసరికి గాల్లో తేలిపోయాను. సాయంత్రానికి స్టాఫ్‌రూమంతా తెలిసింది. ఇంకో పదిహేను రోజుల్లో మేడమ్‌ని పర్మనెంటు చేసే విషయం కమిటీ ముందుకు రాబోతోందని నాకు తెలుసు. తెలీదని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. తెలుసు.

ఆ ఆదివారం కూడా రేపల్లె వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, ఆవిడ మొహం చూడాలని. మేడమ్ వసారాలో నా ఎదురుగా కూర్చున్నారు. కోపం లేదు, ఏడ్చినట్టూ లేదు. ఒకే ప్రశ్న అడిగారు.

"పట్టీ తీశావా అమ్మాయ్?"

"తీశానండి."

"చర్చ మీదది?"

"తీశానండి."

ఆవిడ నా సంచి వైపు ఒకసారి చూశారు. "అయితే సరే. బండి టైమవుతోంది, వెళ్ళు" అన్నారు. ఆ రోజు వంటింట్లోంచి తినడానికి ఏమీ రాలేదు. ఎదురు చెప్పడానికి మాట లేక మేడమ్ ఊరుకుందని నేను తీర్మానించుకున్నాను. కమిటీ కూర్చున్న రోజు వాళ్ళ గది బయట బెంచీ మీద మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆవిడ కూర్చుని ఉండటం క్లాసు కిటికీలోంచి చూశాను. చేతిలో పల్చటి పుస్తకం లాంటిదేదో ఉంది. ఎవరూ లోపలికి పిలవలేదు. బతిమాలుకోడానికి వచ్చింది కాబోలు అనుకున్నాను. మరుసటి ఏడు ఆ ఉద్యోగంలోకి హెడ్డుగారి మేనల్లుడు వచ్చాడు, అదే నోట్సుతో. మేడమ్ రేపల్లెలో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నారని విన్నాను. ఒక్కసారీ వెళ్ళి చూడలేదు.

నేను మాత్రం బాగుపడ్డాను. తెనాలిలో లెక్చరర్నయ్యాను. పట్టీల పద్ధతి నాదేనని పేరు తెచ్చుకున్నాను. మెతుకుల బదులు బంక వాడాను, అంతే మార్పు. ఏటా కొత్త బ్యాచి రాగానే మొదటి క్లాసులో ఒక కథ చెప్పేదాన్ని. పూర్వం ఒక రేపల్లె మేడమ్ ఉండేవారని, ఆవిడ రాసిన పేపర్లో ఏడుగురు పిల్లలు మాయమయ్యారని, చదువుకునే అమ్మాయి ఒకతె లెక్కపెట్టి పట్టుకుందని. ఆ అమ్మాయెవరో చెప్పేదాన్ని కాదు, పిల్లలే కనుక్కుని చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు నాకు భలే బాగుండేవి.

ఇప్పుడు ఆ పట్టీ నా ఒళ్ళో ఉంది. పేజీలో పై సగం చర్చ. దాని కింద, అదీ పట్టీ కప్పేసిన చోటే, గీత గీసి సన్నటి అక్షరాల్లో ఒక గమనిక. కళ్ళజోడు మార్చి చదివాను. ఏటికి వరద వచ్చాక పెనుమూడి వైపు పిల్లలు ఏడుగురు తిరిగి బడికి రాలేదట. ఆవిడ రెండుసార్లు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళారట. అయిదుగురి కుటుంబాలు బల్లకట్టు మీద ఏరు దాటి అవతలి జిల్లాకి పనుల కోసం వెళ్ళిపోయాయని చుట్టుపక్కల వాళ్ళు చెప్పారట. ఇద్దరి ఆచూకీ తెలియలేదట. రెండో పరీక్ష రాయలేదు కాబట్టి వాళ్ళని పట్టికలో చూపలేదనీ, మొదటి పరీక్షలో మాత్రం ఆ ఏడుగురివీ మంచి మార్కులేననీ, వాళ్ళుండి ఉంటే తన ఫలితం ఇంకా బలంగా ఉండేదేమో చెప్పలేననీ రాశారు. ఆ కింద ఏడు పేర్లు లేవు గానీ వయసులు వరసగా ఉన్నాయి. తొమ్మిది, తొమ్మిది, పది, ఎనిమిది, అలా.

ఆ బెంచీ మీద ఆవిడ చేతిలో ఉన్న పల్చటి పుస్తకం ఇదే పేపరు ఇంకో ప్రతి అని అప్పుడు అర్థమైంది. ఫోన్లో సారాంశం చూసుకునే పిల్లల్ని పొద్దున్నేగా తిట్టాను! వాళ్ళు కనీసం చదవలేదని ఒప్పుకుంటారు. నేను చదవకుండానే ఒకరి పొట్ట కొట్టి, దాన్ని పాఠంగా చెప్పుకు బతికాను. ఆ రోజుల్లో చదువు అలా ఉండేది, ఇలా ఉండేది అని నేను రాసిన వ్యాసాలు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి. వాటిని పురుగులు ముట్టుకోలేదు.

సాయంత్రం హిమబిందు వచ్చింది. పేపరు చేతిలో పెట్టి, గమనిక చూపించాను. నిలబడే చదివింది. పేజీ వెనక్కి తిప్పి నా పెన్సిలు రాత కూడా చూసింది. తర్వాత, "మేడమ్, ఈ కథ నేనూ ఏటా మా పిల్లలకి చెప్తానండి. మీరు చెప్పినట్టే, రేపల్లె మేడమ్ అనే చెప్తాను. రేపల్లెలో కూర్చుని" అంది.

"ఆవిడ ఉన్నారా?"

"విశాలాక్షి గారేగా? ఉన్నారండి. స్టేషన్ పక్కనే. మా అమ్మకి లెక్కలు చెప్పింది ఆవిడే." నా వైపు చూడకుండా పేపరు తిరిగి ఇచ్చింది.

ఆదివారం పొద్దున్నే, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన హిమబిందుతో తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం గానీ ఆ అమ్మాయి దారంతా కిటికీలోంచే చూసింది. ఇల్లు మారలేదు, డికాక్షన్ వాసన లేదు. మేడమ్ వసారాలో చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. ఎనభై దాటాయి, చేతులు వణకడం లేదు. నేను పేరు చెప్పకముందే "సుజాతా, కాళ్ళు కడుక్కో" అన్నారు. కడుక్కుని వచ్చి, పేపరు ఆవిడ ముందు పెట్టాను. చెయ్యి కొంగుకి తుడుచుకుని తీసుకున్నారు. నా పెన్సిలు రాత చదివారు.

"అంకెలు సరిగ్గానే కూడావు" అన్నారు.

"ఆ రోజు పట్టీ తీశానని అబద్ధం చెప్పానండి."

"తెలుసు. నీ సంచిలోంచి పేపరు పైకి కనపడుతూనే ఉంది. పట్టీ దాని మీదే ఉంది."

"మరి ఆ మాట అప్పుడే అనొచ్చుగదండి?"

"హెడ్డుకి చెప్పాను, వినలేదు. కమిటీకి చూపిద్దామని వెళ్ళాను, పిలవలేదు. వాళ్ళు చదవరని నాకు ముందే తెలుసు. నీకు చదవడం నేర్పింది నేను కదమ్మాయ్. నీక్కూడా నేనే చదివి వినిపించాలా?" గింజ ఒకటి తీసి పక్కన పెట్టారు. "తర్వాతి ఆదివారం బండి వేళకి వాకిట్లో కూర్చున్నాను. ఆ పై ఆదివారం కూడా కూర్చున్నాను. మా అత్తగారు ఉప్మా చేసి పెట్టింది, నువ్వొస్తావని."

నాకు ఏడుపొచ్చింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇప్పుడు తీశానండి మేడమ్. ఇప్పటికైనా తీసి చదివాను" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పైకి జరిపి పేపరుని వెలుగుకి ఎత్తి పట్టుకున్నారు. పట్టీ ఉన్నచోట వేలితో అంచు వెంబడి మెల్లగా తడిమారు, పురుగులు కొరికిన చిన్న చిన్న గాట్ల మీదుగా.

"తడి మరక లేదుగా" అన్నారు. "నువ్వు తీయలేదు. పురుగులు తీశాయి."

పేపరు నా ఒళ్ళో పెట్టి, చింతపండు పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు.